వాటాదారుకు వడ్డీ గ్యారంటీ, కూలీకి సుగ్గి

రాయలసీమ కరువు దేవుడిచ్చింది అనే మాట మనకు ఉగ్గుపాలతోనే పోశారు. వానలు తక్కువే, కాదనలేం. మరి పోరుమామిళ్ల చెరువు సంగతేమిటి? 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేశారని అక్కడి శాసనమే చెబుతోంది. (ఆ వెయ్యిమందిలో ఒక్కడి పేరూ లేదు లెండి!) ఆ చెరువు ఇప్పటికీ ఉంది. చెరువు కట్టి, కాపాడుకునేవాళ్లకు దశబంధం ఇనాములు ఉండేవి.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. కర్నూలు నవాబు గడ్డను 1839లో కలుపుకున్నారు. మన్రో దొర రైతువారీ తెచ్చాడు. మన్రోలప్ప అని బిడ్డలకు పేరు పెట్టుకున్న జనం మనవాళ్లు. శిస్తు నాలుగో వంతు తగ్గించమని 1807లో ఆయన రాసిన మాటా నిజమే. పై దొరలు అప్పుడు ఒప్పుకోలేదు. శిస్తు రొక్కంగా కట్టాల. లేనివాడు షావుకారు గడప తొక్కాల. చెరువుల్లో పూడిక పేరుకుపోయింది.

ఇక కె.సి. కెనాల్ కథ వినండి. లండన్ పెట్టుబడిదారులు మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పెట్టారు. పది లక్షల పౌన్ల పెట్టుబడికి నూటికి అయిదు వడ్డీ ఇస్తామని సర్కారు గ్యారంటీ పడింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, కడప దాకా సుమారు 190 మైళ్ల కాలువ తవ్వారు. పొలాల తడితో పాటు పడవల రవాణా మీదా వాళ్ల కన్ను. నీటి తీరువ మెట్టరైతుకు మోయలేని బరువైంది. కంపెనీ నష్టపోయింది, వాటాదారు నష్టపోలేదు. వాడి వడ్డీ ఖజానా నుంచి పోయింది. ఖజానా అంటే ఎవరిది? మన శిస్తే కదా! చివరికి 1882లో సర్కారే ఆ కాలువను కొనుక్కుంది.

ఆ నడుమనే 1876-78 నాటి ధాత కరువు. 1877లో టెంపుల్ దొర కరువు పనుల కూలి కోసేశాడు: మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా కాదు. 1871 నుంచి 1881కి కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది.

అదే మద్రాసు రాష్ట్రంలో గోదావరికి ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది. అక్కడ వరి పండింది, మిగులు పోగైంది, దాంతో మిల్లులు, బడులు లేచాయి. సీమకు ఆ మొదటి మెట్టే దక్కలేదు.

తెల్లవాడు పోయినాక? 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకే ముందు హక్కన్నారు. అది కాగితం మీదే మిగిలింది. బచావత్ ట్రిబ్యునల్ కె.సి. కెనాల్‌కు 39.9 టి.ఎం.సి.లు రాసింది. సుంకేసుల బ్యారేజీలో నిలిచేది ఒకటింపావు టి.ఎం.సి. లోపే! వరదొస్తే కిందికి పోతుంది, ఎండితే కడప చివరి భూములకు చుక్క రాదు. అందుకే ఎగువన గుండ్రేవుల జలాశయం అడుగుతున్నారు. అందుకే 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర రైతులే అలుగుకు శంకుస్థాపన చేశారు.

ఆదోని, కోసిగి పల్లెల్లో మాత్రం తాళాలేసి, పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు సుగ్గి పోతున్నారు. వాళ్లు ఏరే మిరపకు తడి కృష్ణది. ఆ కృష్ణలో, వాళ్ల ఊళ్ల పక్కనుంచే పారిపోయిన తుంగభద్ర నీళ్లూ ఉన్నాయి.