రంగు మందు – రక్తపు గడ్డ

మన విజయవాడలో ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్లమ్మట తిరిగేవాళ్ళకి తెలిసిన సంగతే: పారే నీటిలో నాచు నిలవదు, నీరు నిలిచిందా, గుర్రపుడెక్క అల్లుకుంటుంది. రక్తం తీరూ ఇంచుమించు అంతే. కదలిక లేకపోతే గడ్డకడుతుంది. గుండె రక్తనాళాలను చూసే యాంజియోగ్రామ్ పరీక్షలో ఈ సంగతి ఎంతో ముఖ్యం.

ఎక్స్-రేలో ఎముక కనబడినట్టు రక్తనాళం కనబడదు. అందుకని తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో కాథెటర్ అనే సన్నని గొట్టం దూర్చి, అయోడిన్ కలిసిన మందు పంపిస్తారు. అయోడిన్ కిరణాలను అడ్డుకుంటుంది. నాళం నీడ తెరమీద పడుతుంది. దీన్ని మనవాళ్ళు 'రంగు మందు' అంటారు గాని, చూడటానికి ఇంచుమించు నీళ్ళలాగే ఉంటుంది.

తొలినాటి అయానిక్ మందుల ద్రవాభిసరణ పీడనం రక్తానికి ఐదు రెట్లకు పైనే. దాంతో ఒళ్ళు మండేది, వాంతులయ్యేవి, ఒక్కోసారి గుండె లయ తప్పేది. తర్వాత అయోపమిడాల్, అయోహెక్సాల్ వంటి నాన్-అయానిక్ మందులొచ్చి ఈ బాధలు చాలా తగ్గించాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రెండు రకాలూ గడ్డకట్టడాన్ని కొంత ఆపేవే. కాని పాతవాటికి ఆ గుణం ఎక్కువ, కొత్తవాటికి తక్కువ. నాన్-అయానిక్ మందున్న సిరంజిలలో రక్తపు గడ్డలు కనిపించాయని 1987లో అమెరికా 'రేడియాలజీ' పత్రికలో వచ్చేసరికి వైద్యలోకం ఉలిక్కిపడింది. అలాంటి గడ్డ గుండె నాళంలోకి జారితే గుండెపోటు, మెదడుకు పోతే పక్షవాతం!

అంతమాత్రాన కొత్త మందును వదులుకోలేదు. చేతి జాగ్రత్త పెంచుకున్నారు. సిరంజిలోకి రక్తం వెనక్కి రానివ్వరు, వస్తే ఆ మందు వాడరు. కాథెటర్‌ను హెపారిన్ కలిపిన సెలైన్‌తో తరచు కడుగుతారు. ఈ హెపారిన్ కథ 1916లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి పరిశోధనతో మొదలైందంటే విద్యార్థిలోకానికి గర్వకారణం కదా!

మిత్రులారా, మనింట్లో ఎవరికైనా ఈ పరీక్ష చెయ్యాల్సివస్తే, పడని మందులు, మూత్రపిండాల జబ్బు, రక్తం పలచబరిచే మాత్రలు – ఇవన్నీ డాక్టరుగారికి ముందే చెప్పండి. ఏ మాత్రా సొంతంగా మానెయ్యకండి. మందు ఎంత మేలైనదైనా, దాని లోటు తెలిసి వాడితేనే రోగికి రక్ష.