స్టాక్ ఓవర్‌ఫ్లోలో 3,000 పాయింట్లు వస్తే ఏమవుతుంది?

గత నెల స్టాక్ ఓవర్‌ఫ్లోలో నా స్కోర్ 3,000 దాటింది. దాంతో క్లోజ్ ఓటు చేతికొచ్చింది. అంటే ఎవరో అడిగిన ప్రశ్నని మూసేయడానికి ఇక నేనూ ఓటేయొచ్చు. జీతం లేదు, ఇంటర్వ్యూ లేదు. పాయింట్లు చూసి ఇచ్చేశారు, అంతే.

అసలు ఈ లెక్కేంటో చూద్దాం. 2008లో జెఫ్ యాట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ఈ సైట్ మొదలుపెట్టారు. ఇన్ని ప్రశ్నల్ని జీతాలిచ్చి చూపించడం కష్టం. అందుకే వాడేవాళ్లకే కొంచెం కొంచెంగా పని అప్పగించారు. మీ ఆన్సర్‌కి ఒక అప్‌వోట్ పడితే 10 పాయింట్లు. అడిగినవాళ్లు దాన్ని యాక్సెప్ట్ చేస్తే 15. డౌన్‌వోట్ పడితే 2 పోతాయి.

నేను ఎక్కుతూ వచ్చిన మెట్లు, ముందున్న మెట్టు ఇవి:

15 - అప్‌వోట్ వేయడం
50 - ఎవరి పోస్ట్ కిందైనా కామెంట్
125 - డౌన్‌వోట్ (ఆన్సర్‌కి వేస్తే మీకూ 1 పాయింట్ పోతుంది)
2,000 - ఎవరి ఓకే అక్కర్లేకుండా ఎడిట్
3,000 - క్లోజ్, రీఓపెన్ ఓట్లు
10,000 - డిలీట్ అయిన పోస్టులు కూడా చూడటం

సైట్ వీటిని అప్పుడప్పుడు మారుస్తుంది కాబట్టి ప్రివిలేజెస్ పేజీ ఒకసారి చూసుకోండి.

ఈ మెట్ల వల్ల లాభం ఉంది. పది దొంగ అకౌంట్లు తెరవడం పది నిమిషాల పని. ఒక్కోదానికి 3,000 తేవడం మాత్రం మాటలు కాదు. పైగా ఒక్కరి ఓటుతో ప్రశ్న మూతపడదు, మామూలుగా ముగ్గురు వేయాలి. ఒక ట్యాగ్‌లో గోల్డ్ బ్యాడ్జ్ ఉన్నవాళ్లు మాత్రం డూప్లికేట్ ప్రశ్నని ఒక్క ఓటుతో మూసేయగలరు.

మరి తేడా ఎక్కడొస్తుంది? పాయింట్లు వచ్చేది ఎక్కువగా ఆన్సర్లకి. అధికారం ఇచ్చేది మోడరేషన్‌కి. ఈ రెండూ ఒకటే పని కాదు! పాత ఆన్సర్ ఒకటి హిట్టయితే, ఆ తర్వాత సైట్ మొహం చూడకపోయినా పాయింట్లు పడుతూనే ఉంటాయి. ఓపిగ్గా రివ్యూలు చేసేవాళ్లకి ఆ రివ్యూలకి పాయింట్లే రావు. మనం సూచించిన ఎడిట్ ఓకే అయితే 2 పాయింట్లు వస్తాయి. అలా వచ్చేవి మొత్తం 1,000 దగ్గర ఆగిపోతాయి. అంటే ఎడిట్లు మాత్రమే చేస్తూ పోతే 2,000 మెట్టు ఎప్పటికీ ఎక్కలేం.

నా సంగతే చూడండి. నా పాయింట్లలో సగానికి పైగా గిట్ మీద రాసిన ఒకే ఒక్క ఆన్సర్‌వి. క్లోజ్ ఓటు వచ్చిన రోజే ఒక ఆండ్రాయిడ్ ప్రశ్న కనబడింది. కోడ్ లేదు, ఎర్రర్ లేదు, "పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క. అప్పటికే రెండు ఓట్లు పడ్డాయి. నాది పడితే మూతే. నాకా, ఆండ్రాయిడ్ అంతంతమాత్రం. ఓటు ఆపి "ఎర్రర్ మెసేజ్ పెట్టగలరా?" అని కామెంట్ రాశా. గంటలో పెట్టారు. సాయంత్రానికి తెలిసినవాళ్లెవరో ఆన్సర్ కూడా ఇచ్చారు.

స్కోర్ చెప్పేది మీరు సైట్‌కి కొత్త కాదని మాత్రమే. ఎదుటివాళ్ల ప్రశ్న మీకు అర్థమైందని కాదు. మీకూ ఆ బటన్ వచ్చిన రోజు, నొక్కేముందు ఒక కామెంట్ రాసి చూడండి.