మీకు తెలుసా? చెకుముకి పిస్తోలు

నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1626లో స్థావరం వేసే నాటికి, ఫ్రాన్సులో చెకుముకి తాళం (తుపాకీని పేల్చే యంత్రాంగం) పుట్టి ఇరవయ్యేళ్లు కూడా కాలేదు. ఇక్కడ వత్తి తుపాకులదే రాజ్యం. చెకుముకి పిస్తోలుకు నమూనా చేయడంలో అసలు కష్టం గొట్టం కాదు, తాళమే. మీట నొక్కగానే సుత్తి పట్టుకున్న చెకుముకి రాయి ఉక్కు రేకును గీరి, నిప్పురవ్వలను రంజకపు గిన్నెలో రాల్చాలి. రేకు మెత్తని ఇనుమైతే రవ్వ రాలదు. కార్బన్ ఎక్కువున్న ఉక్కును ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచాలి. స్ప్రింగులు ఇంకా పేచీకోరువి: గట్టిపడ్డాక మళ్లీ కాస్త వేడిచేయకపోతే పుటుక్కున విరుగుతాయి. పేలే ఆయుధం తయారీకి 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. కాబట్టి ప్రదర్శన నమూనాకు గొట్టం తొలవకుండా వదిలేయడమే మేలు. తీరప్రాంతపు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా నూనె పూస్తుండాలి.