ఉప్పెనను ఎదుర్కొన్న డెల్టా, బుడమేరులో మునిగిన నగరం

కృష్ణా డెల్టాకు నీటి ముప్పు మూడు వైపుల నుంచి వస్తుంది. తుపాను రోజున సముద్రం ఉప్పెనై తోసుకొస్తుంది. ఎగువన వానలు పడితే కృష్ణ వరదై దిగుతుంది. నడుమనున్న వాగులూ డ్రెయిన్లూ పొంగి ఊళ్ల మీద పడతాయి. వాతావరణ మార్పు ఈ మూడింటినీ పెంచుతోంది. బంగాళాఖాతం వేడెక్కిన కొద్దీ తుపాను బలం పుంజుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువై నెల వాన ఒకటి రెండు రోజుల్లోనే కురుస్తుంది. సముద్ర మట్టం పెరిగితే ఉప్పునీరు కాలువల వెంట ఇంకా లోపలికి ఎగదన్నుతుంది.

ఈ నేలకు ఉప్పెన కొత్త కాదు. 1864లో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనకు దాదాపు 30 వేల మంది బలయ్యారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో ఊళ్లకు ఊళ్లను ఊడ్చిపెట్టింది, సుమారు పదివేల ప్రాణాలు తీసింది. తీరంలోని పూరిగుడిసెలకు హెచ్చరిక సరిగా అందలేదు, అందినచోట కూడా ఎక్కి నిలబడేందుకు పక్కా భవనం లేదు. ఆ తరవాతే తీరం పొడవునా తుపాను షెల్టర్లు లేచాయి. ఎత్తైన స్తంభాల మీద కట్టిన ఈ భవనాల కింద నుంచి నీరు సాగిపోతుంది, జనం పైన తలదాచుకుంటారు. మామూలు రోజుల్లో వాటిని బడిగానో సమావేశాలకో వాడుకున్న ఊళ్లలో షెల్టరు చెడిపోకుండా నిలిచింది. తాళం వేసి వదిలేసిన చోట పెచ్చులూడింది.

1990 మే 9న అంత తీవ్రమైన తుపానే కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి వెయ్యికి కాస్త తక్కువ మంది చనిపోయారు. అదీ చిన్న సంఖ్య కాదు. అయినా 1977లో పోయిన ప్రాణాలతో పోలిస్తే పదో వంతు. ముందే జనాన్ని పెద్ద సంఖ్యలో తరలించడమే ఈ తేడాకు ప్రధాన కారణం.

షెల్టరు ప్రాణాన్ని కాస్తుంది గానీ పొలాన్ని కాదు. ఆ పని కొంతవరకు మడ అడవులు చేస్తాయి. నాగాయలంక, సొర్లగొంది వైపు మడ చెట్ల వేళ్లు అలల దూకుడును తగ్గించి, ఒండ్రును పట్టి ఉంచుతాయి. చేపల, పీతల పిల్లలు అక్కడే పెరుగుతాయి కాబట్టి మత్స్యకారుల బతుకుకూ అవే ఆధారం. ఒకసారి నరికేసిన చోట నీరు కదలక ఉప్పు పేరుకుపోతుంది, నాటిన మొక్క చచ్చిపోతుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990ల నుంచి అటవీ శాఖతోనూ గ్రామస్థులతోనూ కలిసి కృష్ణా, గోదావరి మడ అడవుల్లో దీనికి ఒక ఉపాయం పాటించింది. చేప వెన్నుముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ పిల్ల కాలువలు తవ్వించింది. పోటుకు నీరు లోపలికి వస్తుంది, పాటుకు ఉప్పును కడిగి తీసుకుపోతుంది. అప్పుడు మొక్క బతుకుతుంది.

వరి రైతుకు అసలు భయం నవంబరు, డిసెంబరు నెలలే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను, కోతకు వచ్చిన పైరునూ కోసిన పనలనూ కలిపి నానబెట్టింది. సాంబ మసూరిగా పేరున్న బీపీటీ 5204 వరి రకానికి మంచి ధర ఉన్నా, అది గాలివానకు నిలవక పడిపోతుంది. నారు జూన్‌లో పోస్తే నవంబరు తుపాన్లకు ముందే కోత ముగించవచ్చు. కానీ ఎగువ జలాశయాలు నిండాక గానీ కృష్ణ నీరు డెల్టాకు చేరదు. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతలు ఈ చిక్కును కొంత విప్పాయి. గోదావరి నీరు ముందే రావడంతో సార్వా సాగును ముందుకు జరిపే వీలు కలిగింది. ఖర్చుతో కూడిన ఎత్తిపోతే అయినా, పంట కాలాన్ని తుపాను దారి నుంచి తప్పించడం డెల్టా రైతుకు అందిన గొప్ప రక్షణల్లో ఒకటి. శివారు భూముల్లో ఉప్పు తేలే చోట్లకు మచిలీపట్నం పరిశోధన స్థానం చౌడును తట్టుకునే ఎంసీఎం వరి రకాలను ఇచ్చింది.

 

తీరం ఇంత నేర్చుకుంటే విజయవాడ నగరం వెనకబడింది. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు వాగును, వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. కృష్ణ నిండుగా ఉంటే ఆ మళ్లింపు కాలువ నీరు నదిలోకి దిగక వెనక్కి తంతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో జరిగిందదే. ప్రకాశం బ్యారేజీ నుంచి భారీ వరద దిగుతున్న వేళ, మళ్లింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. మేడల మీద చిక్కుకున్నవారికి అన్నం పొట్లాలు డ్రోన్లతో అందించాల్సి వచ్చింది. అదే వరదలో నది వైపు రక్షణ గోడ ఉన్న కృష్ణలంక మునగలేదు. నదికి గోడ కట్టినవారు వాగును మరిచారు. దాని గర్భంలోనే ఇళ్లు లేచాయి, పూడిక పేరుకుంది, గుర్రపుడెక్క అల్లుకుంది.

గండ్లు పూడ్చారు. కట్టల బలోపేతం, వాగు వెడల్పు పనులు సాగాలి, కానీ అవి పూర్తయ్యేలోపే మరో వాన రావచ్చు. అందుకే ప్రతి వార్డుకూ ఇంటింటికీ వినపడే హెచ్చరిక, వృద్ధులనూ బాలింతలనూ ముందే చేర్చే ఒక ఎత్తైన భవనం, దగ్గర్లో ఉండే పడవ కావాలి. దివిసీమ ఊళ్లు ప్రాణాలిచ్చి సంపాదించుకున్న ఈ ఏర్పాట్లు సింగ్‌నగర్‌కూ వచ్చే వానాకాలానికి ముందే అందాలి.