అడకత్తెరయు దవడయు

పోకలు కత్తిరించు అడకత్తెరను మీరు చూచియుందురు. పోకను దాని కొనవద్ద నుంచి నొక్కినచో తెగదు. కీలునకు దగ్గరగా నుంచినచో సులభముగా తెగును. మన దవడయు నిట్టి సాధనమే. దాని కీలు చెవికి ముందు కలదు. బుగ్గపై వ్రేళ్ళుంచి పండ్లు బిగించి చూడుడు. అప్పుడు గట్టిపడు కండరమే దవడను నడపునది. కీలునకును కండరమునకును దగ్గరగా నున్న దవడపండ్లపై నెక్కువ బలము పడును. పెద్దవారు వానితో గట్టిగా కొరికినపుడు 50 మొదలు 70 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలము కలుగుట సాధారణము. ముందుపండ్లకడ నది సుమారు మూడవ వంతు మాత్రమే.

ఇంత బలమును సహించుటకై పంటిపై ఎనామెల్ అను పింగాణివంటి పొర యున్నది. శరీరములో దీనికంటె గట్టి పదార్థము లేదు. అయినను దానిని అరుగదీయునవి లోకమున కలవు. సికింద్రాబాదు చెంతనున్న మౌలాలి గుట్ట గ్రానైటు శిల. గ్రానైటులో పలుగురాయి కలిసియుండును. గట్టిదనమును 1 నుండి 10 వరకు లెక్కించు కొలతలో ఎనామెల్ సుమారు 5, పలుగురాయి 7. మా యవ్వ రాతి తిరుగటిలో జొన్నలు విసరి రొట్టెలు చేసెడిది. పిండిలో రాలిన రాతినలుసులు దినదినము పండ్లను రాచెడివి. ముసలితనమున ఆమె దవడపండ్లలో పుచ్చు లేదు గాని, అవి తిరుగటి రాయివలె చదునైనవి. పైపొర అరిగిన పన్ను చల్లనీరు తగిలినను జివ్వుమనును. నిద్రలో పండ్లు కొరుకువారికిని ఇట్టి యరుగుదలయే కలుగును.

పుచ్చిన పంటికి సిమెంటు పెట్టుటయు, తొడుగు వేయుటయు నేడు సులభమే. కాని బాగుచేసిన పన్ను గట్టిగా నుండిన చాలదు. ఎదుటి పంటితో పొందికగా నుండవలెను. జిర్కోనియా తొడుగు ఎనామెల్ కంటె గట్టిది. నునుపుగా మెరుగుపెట్టినచో నది ఎదుటి పంటికి పెద్దగా హాని చేయదు. గరుకుగా విడిచినచో ఆకురాయివలె దానిని అరుగదీయును.

కొన్ని యేండ్ల క్రిందట నేను దవడపంటికి సిమెంటు పెట్టించుకొంటిని. అది వెండ్రుకవాసి ఎత్తుగా నిలిచెను. మందుచే మొద్దుబారిన నోటికి ఆనాడు తెలియలేదు. మరునాటినుండి నోరు మూసినప్పుడెల్ల బలమంతయు ఆ యొక్క పంటిపై పడి, రెండు దినములు అన్నము నమలలేకపోతిని. మరల పోగా వైద్యుడు పండ్లనడుమ నీలికాగితముంచి కొరుకుమనెను. నీలిమచ్చ చిక్కగా పడినచోట కొంచెము అరుగదీసెను. నొప్పి మానెను. 2001లో సికింద్రాబాదున నెలకొల్పబడిన ఆర్మీ దంతవైద్య కళాశాల వంటి విద్యాలయములలో విద్యార్థులకు ఈ పొందికను పరీక్షించుట నేర్పుదురు.

బాలబాలికలారా! ఇంచుమించు ఆరవయేట మీకు మొలచిన దవడపండ్లు జీవితాంతము పనిచేయవలసినవి. ఎనామెల్‌ను నిర్మించు కణములు పన్ను మొలచునప్పటికే నశించును. కావున అరిగినది మరల పెరుగదు. సీసామూతలను పండ్లతో తీయకుడు. పోకలను పండ్లతో పగులగొట్టకుడు. అన్నములో రాయి తగిలినచో ఉమిసివేయుడు. అడకత్తెర మొద్దుబారినచో సానపట్టింపవచ్చును. పంటికి సాన లేదు.