కేల్‌తో పాలియో డిన్నర్: మన తాలింపుతోనే మూడు సులువైన వంటలు

కేల్ వేసే రైతులకు మొదటి కట్ట అమ్మడం పెద్ద కష్టం కాదు. కొత్త ఆకు కదా అని ఎవరైనా ఒకసారి కొంటారు. కష్టమంతా రెండో కట్ట దగ్గరే. ఇంటికి తీసుకెళ్లి పాలకూర వండినట్టే వండుతారు. పీచు తగులుతుంది, చేదుగా ఉంది అంటారు, ఇక మళ్లీ అడగరు. పాలియో డైట్ చేసేవాళ్లయితే పప్పులో కూడా వేసుకోలేరు. అందుకే "దీన్ని ఎలా వండాలండీ?" అని అడిగితే చెప్పగలిగేది మనమే అయి ఉండాలి. ముందు మన ఇంట్లో వండితేనే అది కుదురుతుంది. వీడియోలో మూడు వంటలూ చూపించాను. కొలతలు, కారణాలు ఇక్కడ రాస్తున్నా.

పాలియో అంటే ఏం తినాలి, ఏం మానాలి

వ్యవసాయం మొదలవక ముందు మనిషి తిన్న తిండికి దగ్గరగా తినాలన్నది దీని ఆలోచన. 2002లో లోరెన్ కార్డెయిన్ రాసిన 'ది పాలియో డైట్' పుస్తకంతో ఈ పేరు బాగా పాకింది. మాంసం, చేపలు, గుడ్లు, ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు, గింజలు తినొచ్చు. ధాన్యాలు, పప్పులు, పాల పదార్థాలు, చక్కెర, రిఫైండ్ నూనెలు తినరు. కీటో, పాలియో ఒకటి కాదు. పాలియోలో చిలగడదుంప, పండ్లు తినొచ్చు.

మనవాళ్లు పొరపడేది ఇక్కడే:

- కొర్రలు, సామలు, రాగులు కూడా ధాన్యాలే. అన్నం మాని కొర్రన్నం తింటే అది మంచి భోజనమే కావచ్చు, పాలియో మాత్రం కాదు.
- తాలింపులో మినపప్పు, శనగపప్పు ఉండకూడదు. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు చాలు.
- పల్లీలు పప్పుజాతి. పల్లీ పొడి బదులు నువ్వుల పొడి గానీ ఎండుకొబ్బరి గానీ వాడండి. నూనె గానుగ కొబ్బరినూనె.
- బజారులో దొరికే ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. డబ్బా మీద చదివి కొనండి.
- పెరుగు ఉండదు. నెయ్యి దగ్గర మాత్రం రెండు మాటలున్నాయి. కొందరు వాడతారు, గట్టిగా పాటించేవాళ్లు వాడరు.

ఆకు కోత, శుభ్రం

కేల్ కూడా క్యాబేజీ, కాలీఫ్లవర్ కుటుంబమే. చలి తగిలితే ఆకులో చక్కెరలు పెరిగి తియ్యబడుతుంది. మన దగ్గర నవంబర్ నడిమి నుంచి జనవరి దాకా వచ్చే ఆకు బాగుంటుంది. ఎండలు ముదిరితే చేదెక్కుతుంది. కింది ఆకులు ముందు కోసి, పైన ఐదారు ఆకులు వదిలేయండి. పొద్దున్నే కోసి తడి గోనెపట్టా కింద ఉంచితే వాడదు.

ముడతల్లో పేనుబంక దాక్కుంటుంది. ఉప్పునీళ్లలో పది నిమిషాలు వేసి, రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి. కాడను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఆకును దూస్తే వచ్చేస్తుంది. కాడలు పారేయకండి. సన్నగా తరిగి ముందు వేయాలి, ఆకు తర్వాత. పీచు తగలకుండా ఉండే కిటుకు ఇదే. పాలకూర రెండు మూడు నిమిషాల్లో మగ్గితే దీనికి ఏడెనిమిది నిమిషాలు కావాలి, కొంచెం నీళ్లు చల్లి మూత పెట్టాలి.

1. కేల్ గుడ్డు పొరటు (ఇద్దరికి)

కేల్ 150 గ్రాములు, గుడ్లు 4, ఉల్లిపాయ 1, పచ్చిమిర్చి 2. రెండు చెంచాల కొబ్బరినూనెలో తాలింపు పెట్టి, ఉల్లి, మిర్చి, కాడలు మూడు నిమిషాలు వేయించండి. ఆకు, పసుపు, ఉప్పు వేసి మూత పెట్టి మగ్గనివ్వండి. నీరంతా ఇగిరాకే గుడ్లు కొట్టాలి, లేకపోతే పొరటు ముద్దవుతుంది. దించాక మిరియాల పొడి, నిమ్మరసం. పులుపు తగిలితే చేదు తెలియదు.

2. కేల్ చికెన్ (ముగ్గురికి)

మనం గోంగూర చికెన్ చేసే పద్ధతే. అరకిలో చికెన్‌కు పావుకిలో కేల్. ఉల్లి, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, రెండు టమాటాలతో చికెన్ ఇరవై నిమిషాలు ఉడికించి, అప్పుడు తరిగిన కేల్ వేయండి. ఇంకో పది నిమిషాలయ్యాక అర కప్పు చిక్కటి కొబ్బరిపాలు పోసి సన్నని సెగ మీద రెండు నిమిషాలు ఉంచి దించండి. గోంగూరలా దీనికి సొంత పులుపు లేదు కాబట్టి టమాటా తగ్గించకండి. అన్నం బదులు కాలీఫ్లవర్ తురుము ఆవిరిమీద ఉడికించి పెట్టుకోవచ్చు.

3. చేప వేపుడు, కేల్ కొబ్బరి కూర, చిలగడదుంప

చేప ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచండి. శనగపిండి, బియ్యప్పిండి వద్దు. పెనం మీద కొబ్బరినూనెతో కాల్చండి. పక్కన కేల్ మగ్గబెట్టి పచ్చికొబ్బరి తురుము చల్లండి. తలా ఒక ఉడికించిన చిలగడదుంప పెట్టుకుంటే కడుపు నిండుతుంది. గుడ్డు కూడా తినని శాకాహారులకు పాలియో కష్టమే, పప్పూ పెరుగూ రెండూ పోతాయి కదా. వాళ్లు పప్పు మానకుండా కేల్‌ను కూరగా తింటేనే మేలు.

ఈ జాగ్రత్తలు కస్టమర్‌కు కూడా చెప్పండి

కేల్‌లో విటమిన్ కె చాలా ఎక్కువ. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దీన్ని ఒక్కసారిగా పెంచకూడదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి అన్నం మానేస్తే షుగర్ బాగా పడిపోవచ్చు, డాక్టర్‌కు చెప్పే మొదలుపెట్టాలి. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు పచ్చి జ్యూస్ జోలికి పోకుండా ఉడికించి తినడం మంచిది. మన ఆకు కొని ఎవరికైనా తేడా చేస్తే పోయేది ఒక కస్టమర్ కాదు, మన మాట మీద నమ్మకం.

అమ్మేటప్పుడు

ప్రతి కట్టతో మొదటి వంట రాసిన చిన్న చీటీ పెట్టండి. నాలుగు లైన్లు చాలు: కాడ వేరు చెయ్యాలి, ఎనిమిది నిమిషాలు, మూత, నిమ్మకాయ. వండితే సగానికి సగం తగ్గిపోతుంది కాబట్టి ఇద్దరికి 150 గ్రాములకు తక్కువ కట్ట కట్టకండి. ఎండాకాలం వచ్చి కేల్ ఆగిపోతే ఆ చీటీలోనే పేరు మార్చి మునగాకు, తోటకూర ఇవ్వండి. గుడ్డు పొరటు ఆ రెండింటితోనూ బ్రహ్మాండంగా కుదురుతుంది. కేల్ కోసం వచ్చిన కస్టమర్ ఏడాదంతా మన ఆకుకూర తింటారు.

ఈ వారం మీ ఇంట్లో మొదటిది చేసి చూడండి. ఆకు ఎంతసేపు మగ్గితే మెత్తబడుతుందో వీడియోలో ఆ భాగం ఒకసారి చూసి మొదలుపెట్టండి.