బియ్యపు గింజంత గ్రంథి

పదో తరగతి జీవశాస్త్రంలో అవటు గ్రంథి బొమ్మ మనమంతా గీసినవాళ్లమే. మెడలో దాని వెనుకే బియ్యపు గింజంత గ్రంథులు మరో నాలుగు ఉంటాయి. వాటినే పారాథైరాయిడ్ గ్రంథులంటారు. మనుషుల్లో ఇవి ఉన్నాయని 1880లో ప్రకటించింది పేరుమోసిన ప్రొఫెసరేమీ కాదు. స్వీడన్‌లో వైద్యం చదువుతున్న ఐవార్ సాండ్‌స్ట్రోమ్ అనే విద్యార్థి.

రక్తంలో కాల్షియం తగ్గితే ఇవి హార్మోన్‌ను వదులుతాయి. అది ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది. కాల్షియం సరిపోగానే గ్రంథులు నెమ్మదించాలి. కొందరిలో ఒక గ్రంథికి గడ్డ వచ్చి నెమ్మదించడం మానేస్తుంది. చాలావరకు అది క్యాన్సర్ కాదు. కానీ ఎముకలు గుల్లబారతాయి, కిడ్నీలో రాళ్లు చేరతాయి, నీరసం, దిగులు పట్టుకుంటాయి.

మా చిన్నమ్మకు రెండుసార్లు రాళ్లు తీశారు. నడుము నొప్పి అంటే "కూలి చేసే ఒళ్లు, నొప్పులు మామూలే" అని బిళ్లలిచ్చి పంపారు. మూడోసారి ఒక డాక్టరమ్మ రక్తంలో కాల్షియం చూడమంది. నా ఉద్దేశంలో అది మొదటిసారే చేయాల్సిన పరీక్ష. బైపీసీ తమ్ముళ్లు గుర్తుపెట్టుకోండి: కాల్షియం ఎక్కువగా ఉన్నా హార్మోన్ తగ్గలేదంటే దొంగ దొరికినట్టే.

ఈ జబ్బుకు తొలి ఆపరేషన్ 1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండ్ల్ ఒక ట్రామ్ కండక్టరుకు చేశాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు మెడను పొడవుగా కోసి నాలుగు గ్రంథులనూ వెతికేవారు. అమెరికా ఓడ కెప్టెన్ చార్లెస్ మార్టెల్‌కు ఏడుసార్లు కోశారు. 1932లో చివరికి గడ్డ దొరికింది, మెడలో కాదు, ఛాతీలో!

నూటికి 80 మందికి పైగా చెడేది ఒక్క గ్రంథే. అదెక్కడుందో ముందే తెలిస్తే అంత కోత అక్కర్లేదు. ఇప్పుడు అల్ట్రాసౌండ్ చేస్తారు. సెస్టమిబి అనే మందును నరానికి ఎక్కించి స్కాన్ తీస్తారు. చెడిన గ్రంథిలో ఆ మందు ఎక్కువసేపు నిలిచి స్కాన్‌లో కనబడుతుంది. ఇక రెండు మూడు సెంటీమీటర్ల కోత చాలు. చిన్నమ్మ మెడమీది గీత ముడతల్లో కలిసిపోయింది.

మిగతా మూడూ మంచివేనా? ఈ హార్మోన్ రక్తంలో కొద్ది నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. అందుకే గడ్డ తీసిన 10 నిమిషాలకు అక్కడే రక్తం పరీక్షిస్తారు. సగానికి పైగా తగ్గితే కుట్లు వేస్తారు, లేకపోతే ఇంకా వెతుకుతారు. స్కాన్‌లో ఏదీ కనబడకపోయినా, ఒకటికి మించి చెడినా పాత పద్ధతే మేలు.

మాటకు సంబంధించిన నరం పక్కనే ఉంటుంది కాబట్టి అనుభవమున్న సర్జనే చేయాలి. ఆపరేషన్ తర్వాత ఆకలిగొన్న ఎముకలు కాల్షియాన్ని లాగేసుకుంటే పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు వెంటనే డాక్టరుకు చెప్పాలి, కాల్షియం ఇస్తారు.